పాలిపోయిన పల్లికి యూరియా కాదు, ఇనుము

వరంగల్ ఏనుమాముల యార్డులో పల్లికాయ కుప్ప దగ్గర బేరగాడు ముందు చూసేది గింజ నిండుదనాన్నే. లొట్టకాయ ఎక్కువైతే ధర అక్కడే తెగుతుంది. ఈ నష్టానికి ఒక కారణం చేనులో ముందే కనిపిస్తుంది. లేతాకులు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇది ఇనుప ధాతు లోపం.

దీన్ని నత్రజని లోపమని భ్రమించి యూరియా చల్లితే డబ్బు దండగ. నత్రజని తక్కువైతే ముదురాకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము ముదురాకు నుంచి లేతాకుకు సులభంగా కదలదు కనుక, ఈ లోపం లేతాకులోనే బయటపడుతుంది.

నేలలో ఇనుముకు సాధారణంగా కొదువ ఉండదు. కాని సున్నం పాలు ఎక్కువైన నేలలో అది తుప్పు వంటి రూపంలోకి మారి నీటిలో కరగదు. కరగనిది వేరుకు అందదు. అలాంటి నేలలో వేసిన అన్నభేదికీ త్వరలోనే అదే గతి.

ఈ గతి పట్టకుండా కాపాడేదే చీలేషన్. గ్రీకు భాషలో ఎండ్రకాయ డెక్కకున్న పేరు నుంచి 1920లో మోర్గాన్, డ్రూ అనే శాస్త్రజ్ఞులు ఈ మాటను తీసుకున్నారు. ఇ.డి.టి.ఎ. అణువు ఇనుమును ఆరు చోట్ల పట్టి, తుప్పుగా మారనీయకుండా నీటిలోనే ఉంచుతుంది.

అయితే అన్ని పట్లూ ఒకటి కావు. నేల ఉదజని సూచిక సుమారు 6.5 దాటితే ఇ.డి.టి.ఎ. పట్టు సడలి, ఇనుము స్థానంలో సున్నపు ధాతువు చేరుతుంది. డి.టి.పి.ఎ. 7.5 వరకు, ఇ.డి.డి.హెచ్.ఎ. 9 వరకు నిలుస్తాయి. కనుక 12 శాతం ఇనుమున్న ఇ.డి.టి.ఎ. పొడిని సున్నపు నేలలో చల్లరాదు, ఆకుపై పిచికారీకే వాడాలి.

ఇంతకన్నా చౌక మార్గం మన చేతిలోనే ఉంది. ఎకరాకు 200 లీటర్ల నీటిలో ముందు 200 గ్రాముల నిమ్మ ఉప్పు, తరువాత కిలో అన్నభేది కరిగించి, వారం ఎడంతో రెండు మూడుసార్లు సాయంత్రం పూట చల్లాలి. నిమ్మ ఉప్పు పట్టు బలహీనమే అయినా, ఆకును చేరేవరకు అది చాలు.

మెట్ట వరి నారుమడిలోనూ ఈ లోపం వస్తుంది. అక్కడ వీలుంటే నీరు నిలపాలి. గాలి అందని బురదలో ఇనుము తిరిగి కరిగే రూపానికి వస్తుంది.

రైతులు ఒకటి గుర్తుంచుకోవాలి. కలిపిన మందును ఆ రోజే వాడాలి. అది తుప్పు రంగుకు తిరిగితే ఇనుము పట్టు తప్పినట్లే, చల్లినా ఫలితముండదు.