ఒక్క ప్రోగ్రామునకు ఒక్క ద్వారము



గత సంవత్సరము మన కంప్యూటరు గదిలో ఒక బాలిక తన తల్లికి వచ్చిన వ్యాధినిగూర్చి వెదకి చదువుకొని వెళ్లెను. మఱునాడు అదే యంత్రమునొద్ద కూర్చుండిన బాలునికి పుట వెంట పుటలో ఆ వ్యాధికి సంబంధించిన ప్రకటనలే కనబడెను. అతడు నవ్వుచు తోడివారిని పిలిచెను. ఆ బాలికయు అచ్చటనే యుండెను. తప్పు బాలునిది కాదు. యంత్రమును అట్లు విడిచిన మాది. పిమ్మట మేము చేసిన యేర్పాటును ఇచ్చట వివరించుచున్నాము.

ప్రాక్సీ యనగా మన పక్షమున నిలిచి మాటలాడు మధ్యవర్తి. ఇది దూరముననే యుండనక్కఱలేదు, మన యంత్రములోనే యుండవచ్చును. ప్రివాక్సీ యను ఉచిత ప్రోగ్రాము అట్టిది. పూర్వము ఇంటర్నెట్ జంక్‌బస్టర్ అను ప్రోగ్రాము నుండి ఇది పుట్టినది. 127.0.0.1 అనునది ప్రతి యంత్రమును తన్ను తాను పిలుచుకొను చిరునామా. అందు 8118వ పోర్టునొద్ద ప్రివాక్సీ కూర్చుండి యుండును. బ్రౌజరు తన అభ్యర్థనను దానికప్పగింపగా, అది తన జాబితాను చూచి, ప్రకటనల సర్వర్లకు పోవువానిని నిలిపి, మిగిలినవానిని పంపును.

యంత్రమంతటిని ఈ దారి పట్టింపరాదా యని కొందఱడిగిరి. పట్టింపవచ్చును, కాని ఏదైన చెడినప్పుడు ఏ ప్రోగ్రాము వలన చెడినదో తెలియక తికమకపడుదుము. కావున ఫైర్‌ఫాక్స్ నొక్కదానినే మార్చితిమి. దాని సెట్టింగులలో నెట్‌వర్కు భాగమును తెఱచి, మాన్యువల్ ప్రాక్సీని ఎన్నుకొని, పై చిరునామాను, పోర్టును వ్రాసి, హెచ్‌టీటీపీఎస్‌కును ఇదియే వాడుమను గడిని గుర్తింపవలెను. ఫైర్‌ఫాక్స్‌కు ఇట్లు తన సొంత అమరిక కలదు. క్రోమ్ మాత్రము విండోస్ యందు సాధారణముగా యంత్రపు అమరికనే అనుసరించును. దాని నొక్కదానినే మరలింప వలెనన్న, ప్రారంభించు ఆజ్ఞలోనే ప్రాక్సీ పేరు చేర్చవలెను.

అమర్చినంతనే నమ్మరాదు. బ్రౌజరులో పి చుక్క పి అను చిరునామాను, ముందు హెచ్‌టీటీపీ చేర్చి, తెఱచిన యెడల ప్రివాక్సీ తన పుటను చూపును. అంతకంటె మంచి పరీక్ష యొకటి కలదు: ప్రివాక్సీని ఆపి చూడుడు. అప్పుడు ఏ పుటయు రాకూడదు. వచ్చినయెడల అభ్యర్థనలు వేఱొక దారిని పోవుచున్నవన్నమాట. పుట రాకపోవుట చూచి సంతోషించు సందర్భము మాకిదియే మొదటిది!

ఇక లోపములు. నేడు సైట్లలో బహు భాగము హెచ్‌టీటీపీఎస్ చేత తాళము వేయబడినవి. అట్టివానికై బ్రౌజరు ప్రివాక్సీతో సర్వరు పేరును పోర్టును మాత్రమే చెప్పి, లోపలి సంగతి దాచును. కావున చెడ్డ సర్వరును పేరును బట్టి నిలుపవచ్చును గాని, మంచి సర్వరు ఇచ్చు కుకీలను తొలగింపలేదు. 2020లో వెలువడిన 3.0.29 నుండి తాళము విప్పి చూచు సదుపాయము వచ్చినది; అందుకు ప్రివాక్సీ సొంత సర్టిఫికెట్టును బ్రౌజరు నమ్మవలెను. పదిమంది వాడు యంత్రమునందు అది తగదని మేము తలంచి, మూసినప్పుడెల్ల కుకీలను, చరిత్రను చెరిపివేయునట్లు బ్రౌజరును అమర్చితిమి. నిజము చెప్పవలెనన్న ఆ బాలికకు జరిగినదానిని మాన్పుటలో ఈ చిన్న యమరికకే ఎక్కువ పాలు.

ప్రివాక్సీ మన చిరునామాను దాచదు. సైటుకు మన పాఠశాల చిరునామా కనబడుచునే యుండును. దానిని 9050వ పోర్టునొద్దనున్న టోర్‌కు కలుపవచ్చును గాని, అజ్ఞాతముగా నుండవలసినవారు టోర్ బ్రౌజరునే వాడుట మేలని టోర్ వారే చెప్పుచున్నారు. మఱియు ఆ యంత్రమునందే వేఱొక బ్రౌజరును తెఱచినవారికి ఈ యేర్పాటుతో ఏమియు సంబంధము లేదు. ఈ మాట గోడపై వ్రాసి అంటించితిమి.

ఆ బాలిక చాల దినములు ఆ గదికి రాలేదు. మొన్న వచ్చినప్పుడు మమ్మేమియు అడుగక, ప్రివాక్సీని తానే ఆపి, పుట రాకపోవుటను చూచి, మరల నడిపించి, అటుపిమ్మట వెదకుటకు కూర్చుండెను.