కోడిపిల్లలు తెచ్చే ముందే ఊక, కుంపటి సిద్ధం చేసుకోండి

సూళ్లూరుపేట చుట్టుపక్కల పల్లెల్లో గంప కింద పొదుగుడు పెట్ట, దాని వెంట పదో పన్నెండో పిల్లలు మనకు కొత్త కాదు. తల్లి ఉన్న పిల్లలకు మనం చేసేది పెద్దగా ఉండదు. రెక్కల కింద వెచ్చదనం ఇవ్వడం, నేల గీకి మేత చూపడం, గద్ద కనబడితే కేకేసి దాచడం అన్నీ పెట్టే చూసుకుంటుంది. చిక్కంతా తల్లి లేని పిల్లలతోనే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలను ఒక్కరోజు పిల్లలుగా తెచ్చుకుంటే, ఆరు వారాల పాటు మనమే వాటికి తల్లి కావాలి. ఇది తెలియక దిగితే మొదటి వారంలోనే సగం పోతాయి. పోయేది పిల్లలు మాత్రమేనా? ఇంటి ఆడవాళ్లు కూడబెట్టుకున్న నాలుగు డబ్బులు కూడా.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల కిందట నవంబరులో ముచ్చటపడి 50 పిల్లలు తెచ్చాను. గదిలో వదిలి, పైన ఒక బల్బు వేలాడదీసి, పనైపోయిందని పడుకున్నాను. రాత్రి జోరువాన, కరెంటు పోయింది. తెల్లారి చూస్తే పిల్లలన్నీ ఒక మూలలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా ఉన్నాయి. పైవి బతికాయి. అడుగున పడినవి 17, ఊపిరాడక పోయాయి. చలి చంపిందనుకుంటాం గానీ, నిజానికి చంపింది ఆ మూల.

అందుకే మొదట చెప్పేది, మనవైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవారు ఆ మూడు నెలలు పిల్లలు తేవద్దు. జనవరి చివర, ఫిబ్రవరిలో తెస్తే ఎండలు ముదిరేలోపు పిల్లలు తేరుకుంటాయి. మొదటిసారి 50కి మించవద్దు.

పిల్లలు రాకముందే చేయాల్సినవి

గది కడిగి, సున్నం కొట్టి, బాగా ఆరనివ్వాలి. నేల మీద రెండు అంగుళాల మందం వరి ఊక పరవాలి. తడి ఊక, బూజు వాసన వచ్చే ఊక పనికిరావు. దాని మీద మొదటి రెండు మూడు రోజులు పాత పేపరు వేస్తే పిల్లలు ఊక తినకుండా ఉంటాయి. అట్టముక్కలో, రేకో, వెదురు తడికో అడుగున్నర ఎత్తున గుండ్రంగా చుట్టాలి. నలుపలకలుగా కాదు, గుండ్రంగానే. 50 పిల్లలకు అయిదడుగుల వెడల్పు సరిపోతుంది. పెరిగేకొద్దీ దాన్ని జరుపుతూ పోవాలి.

వేడికి పిల్లకు రెండు వాట్ల లెక్కన 50కి వంద వాట్లు కావాలి. అంటే పాతకాలపు పసుపు బల్బులే. ఇప్పుడు ఇళ్లలో వాడే ఎల్‌ఈడీ బల్బు వెలుతురిస్తుంది గానీ పిల్లలను కాచేంత వేడి ఇవ్వదు. ఇది చాలామంది గమనించరు. కరెంటు పోతే పనికొచ్చేలా బొగ్గుల కుంపటి ఒకటి తప్పక ఉంచుకోండి. బయటే రాజేసి, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తేవాలి. పిల్లలు దాని మీద పడకుండా చుట్టూ జల్లెడో తట్టో అడ్డం పెట్టాలి. తలుపులు, కిటికీలు అన్నీ బిగించి కుంపటి పెట్టారో, ఆ గాలికి పిల్లలే కాదు, కాపలా పడుకున్న మనిషి కూడా లేవడు. పైన కిటికీ తెరిచే ఉండాలి.

మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి. తర్వాత వారానికి అయిదేసి డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటరు లేకపోయినా దిగులు లేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుమిగూడి కీచుకీచుమంటే చలి. దూరంగా పోయి ముక్కులు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎక్కడో ఈదరగాలి కొడుతోందని అర్థం. చుట్టంతా చెదిరి తింటూ, తాగుతూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. దీన్ని బట్టి బల్బును కిందికీ పైకీ జరపండి. పగలు ఒకసారి చూస్తే చాలదు. రాత్రి రెండు మూడు గంటలప్పుడు లేచి చూసినవారి పిల్లలే నిలుస్తాయి.

పిల్లలు రాగానే ముందు నీళ్లు, తర్వాతే మేత. కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లలో కాస్త బెల్లం కలిపి, ఒక్కోదాని ముక్కు నీళ్లలో ముంచి తాగడం నేర్పాలి. ఆ తర్వాత సన్నటి మొక్కజొన్న రవ్వ పేపరు మీద చల్లండి. మర్నాటి నుంచి స్టార్టర్ దాణా పెట్టాలి. ఉత్త నూకలు, తవుడుతో సరిపెడితే పిల్లలు గిడసబారతాయి. ఆరు వారాలకు ఒక్కో పిల్ల ఒకటిన్నర కిలోకు పైగానే తింటుంది. ఆ ఖర్చు లెక్కేసుకునే దిగండి. నీళ్ల పళ్లెం లోతుగా ఉంటే పిల్లలు పడి తడుస్తాయి, గులకరాళ్లు వేయాలి. రెట్ట వెనక అంటుకుంటే గోరువెచ్చని నీటి గుడ్డతో తుడవండి, పీకకండి. ఊక ముద్దకడితే వెంటనే తీసి కొత్తది వేయాలి. తడి ఊకే రక్తపారుడుకు పుట్టిల్లు.

టీకాలు వాయిదా వేయొద్దు

కొక్కెర తెగులు సోకితే మందు లేదు. ఆకుపచ్చ రెట్ట, మెడ మెలితిరగడం కనబడ్డాక చేయగలిగిందేమీ ఉండదు. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా చుక్క కంట్లో వేయించాలి, నాలుగో వారంలో మళ్లీ. రెండు వారాలకు గంబోరో, ఆరు వారాలకు మశూచి, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది. పిల్లలు కొనేచోట మారెక్స్ టీకా వేశారా అని అడగండి. టీకా సీసా ఐసు పెట్టె లేకుండా జేబులో వేసుకొస్తే వేసినా వేయనట్టే. ఒక సీసాలో వంద డోసులకు తక్కువ ఉండవు. పక్కింటివాళ్లు నలుగురు కలిసి, పశువైద్యశాలలో అడిగి తెచ్చుకుని ఒకే రోజు వేయించుకుంటే అందరికీ మేలు.

మనకు మరో సంగతి కూడా ఉంది. పులికాట్‌కు రాజహంసలు, నేలపట్టుకు గూడబాతులు వచ్చే తావు ఇది. అవి మనకు గర్వమే. కానీ అడవి నీటిపక్షులు కొన్నిసార్లు బర్డ్‌ఫ్లూ మోస్తాయి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో ఆ వ్యాధి బయటపడింది. పక్షులు దిగే చెరువు నీళ్లు పిల్లలకు పట్టవద్దు. బాతులతో కలిపి పెంచవద్దు. ఒకేసారి ఎక్కువ కోళ్లు చచ్చిపోతే కోసి వండుకోకుండా, చేతులతో ముట్టకుండా పశువైద్యుడికి కబురు చేయండి.

ఆరు వారాలు నిండాక ఎండ ఉన్న రోజు చూసి మొదట గంటసేపు పెరట్లోకి వదలండి. గద్ద, ముంగిస, కుక్కల బెడద తెలిసిందే. సాయంత్రం గూట్లో గింజలు వేస్తే వాటంతటవే చేరతాయి. వనరాజా పెట్టలు మామూలుగా పొదగవు. గుడ్లు పొదిగించాలంటే నాటుపెట్ట కిందే పెట్టుకోవాలి. ఆ పిల్లలకు తల్లి గుణాలన్నీ రావు కాబట్టి మళ్లీ గుడ్ల కోసమైతే కొత్త పిల్లలే తెచ్చుకోవాలి.