పాలు మాన్పించిన పందిపిల్లలలో కృశింపు వ్యాధి: నిర్ధారణలో మెలకువలు

పిల్లలు చిక్కిపోతున్న ఫారం నుండి పంపిన రక్త నమూనాలో పోర్సిన్ సిర్కోవైరస్-2 ఉన్నదని నివేదిక రాగానే కారణం దొరికినట్లు భావించడం సహజం. కాని ఈ వైరస్ విషయంలో ఆ నివేదిక ఒక్కటే చాలదు. ఆరోగ్యంగా ఉన్న మందలలో కూడా ఇది విస్తారంగా కనబడుతుంది.

1974లో జర్మనీ శాస్త్రవేత్తలు పంది మూత్రపిండ కణాల వర్ధనంలో గుర్తించిన సిర్కోవైరస్ పందులకు హాని చేయనిదని తేలింది. 1991లో కెనడాలోని సస్కాచువాన్‌లో, పారిశుద్ధ్యం బాగుండి ఇతర ప్రధాన వ్యాధులు లేని మందలలోనే, పాలు మాన్పించిన పిల్లలు కృశించడం మొదలైంది. వాటిలో కనబడిన, మొదటిదానికి భిన్నమైన వైరస్‌కు తరువాత రెండవ రకమని పేరు పెట్టారు. దీని పరిమాణం సుమారు 17 నానోమీటర్లు మాత్రమే. కొవ్వు పొర లేనందున ఆల్కహాల్ వంటి క్రిమిసంహారకాలకు లొంగదు. పేడ, మురికి పూర్తిగా కడిగిన తరువాత సోడియం హైడ్రాక్సైడ్ వాడడం మేలు.

వ్యాధి ఎక్కువగా 5 నుండి 12 వారాల వయసులో కనబడుతుంది. జున్నుపాల ద్వారా లభించిన రక్షణ అప్పటికి తగ్గిపోతూ ఉంటుంది. వెన్నెముక, తుంటి ఎముకలు పైకి తేలడం, వెంట్రుకలు బిరుసెక్కడం, చర్మం పాలిపోవడం, ఆయాసం, విరేచనాలు, కొన్నింటిలో కామెర్లు ప్రధాన లక్షణాలు. తొలిదశలో గజ్జలలోని శోషరస గ్రంథులు వాచి చేతికి తగులుతాయి. వైరస్ ఈ గ్రంథులలోని లింఫోసైట్లను క్షీణింపజేయడం వలన ఇతర సూక్ష్మజీవులకు దారి ఏర్పడుతుంది. పార్వోవైరస్, మైకోప్లాస్మా వంటివి తోడైనప్పుడు వ్యాధి తీవ్రమవుతుంది.

కనుక నిర్ధారణకు మూడు అంశాలూ కలసి రావాలి: మందలో కృశింపు, శోషరస కణజాలంలో సూక్ష్మదర్శినిలో కనబడే క్షీణత, ఆ దెబ్బతిన్న కణజాలంలోనే వైరస్ ఉనికి. మన దేశంలో దీర్ఘకాలిక స్వైన్ ఫీవర్, నులిపురుగులు, హోటల్ వ్యర్థాలపైనే ఆధారపడిన అసమతుల మేత కూడా పిల్లలను ఇలాగే చిక్కబరుస్తాయి. వీటిని, ముఖ్యంగా స్వైన్ ఫీవర్‌ను, తోసిపుచ్చకుండా సిర్కోవైరస్ పేరు చెప్పడం ప్రమాదకరం.

టీకా రాకముందే ఫ్రాన్స్‌లో మాదెక్ అనే శాస్త్రవేత్త యాజమాన్య పద్ధతులతోనే మరణాలను తగ్గించే ప్రణాళికను రూపొందించారు. అందులోని సూచనలలో చాలావరకు ఖర్చు తక్కువైనవే. ఒక తల్లి పిల్లలను మరొక తల్లికి మార్చవలసి వస్తే ఈనిన 24 గంటలలోపే మార్చాలి. వేర్వేరు ఈతల పిల్లలను వీలైనంతవరకు కలపరాదు. గదుల మధ్య సందులు లేని గోడలుండాలి. పాలు మాన్పించిన పిల్లలు చదరపు మీటరుకు 3కు మించకూడదు. ఒక్కొక్క పిల్లకు మేతతొట్టి వద్ద 7 సెంటీమీటర్లకు పైగా చోటుండాలి. గదిని పూర్తిగా ఖాళీ చేసి, శుభ్రపరచిన తరువాతే కొత్త గుంపును చేర్చాలి.

2006 నుండి ఉత్తర అమెరికాలో వాడుకలోకి వచ్చిన టీకాలు, సాధారణంగా 3 వారాల వయసులో వేసేవి, నష్టాన్ని గణనీయంగా తగ్గించాయి. అయితే టీకా వ్యాధిని అణచుతుందే గాని మంద నుండి వైరస్‌ను తొలగించదు. అందువలన టీకా వేసిన ఫారంలో పి.సి.ఆర్. ఫలితం పాజిటివ్‌గా వచ్చినంత మాత్రాన టీకా విఫలమైనదని రైతుకు చెప్పరాదు.

నమూనాల ఎంపికలో సాధారణంగా జరిగే పొరపాటు, బాగా ఎండిపోయిన ఒక్క పిల్లను మాత్రమే శవపరీక్షకు తీసుకోవడం. ఆ దశలో అనుబంధ వ్యాధులే ఎక్కువగా కనబడతాయి. కృశింపు అప్పుడే మొదలైన మూడు, నాలుగు పిల్లల శోషరస గ్రంథులు, ఊపిరితిత్తులు, ప్లీహం ముక్కలను ఫార్మలిన్‌లో ఒక భాగం, మంచుపై మరొక భాగం పంపాలి.