ఓడిన రాత్రే అడుగు

ఎల్లారెడ్డి,
16 నవంబర్ 2025, ఆదివారం రాత్రి

తమ్మీ,

నీ పొడుగాటి మెసేజ్ చదివాను. జవాబు కాయితం మీద రాస్తున్నాను. ఫోన్‌లో పంపితే నా మాటల పక్కనే ఆ పైసల ఆట లింకులు కూడా కనబడతాయి కదా. చదివి బైబిల్లో పెట్టుకో. నీ రూంలో ఉండే పిల్లవాడు చూసినా నాకేం అభ్యంతరం లేదు, అతనికీ పనికొస్తుందేమో.

ముందు కోపం సంగతి చెప్పి పక్కన పెడతాను. ఉంది. ఆగస్టు వానలకు రూంలోకి నీళ్లొచ్చి సామాను తడిసిందంటే నేను పంపిన పైసలు కూడా ఆ ఆటలోనే పోయాయన్నావు. అమ్మ బీడీలు చుట్టి దాచినవి అంతకుముందే పోయాయన్నావు. కోపం రాకుండా ఎట్లుంటుంది? కానీ ఎవరూ పట్టుకోకముందే నీ అంతట నువ్వే బయటపెట్టావు. అది నేను చిన్న విషయం అనుకోవడం లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది పైసల లెక్క కాదు, చివర్లో నువ్వు రాసిన ముక్క. ఇది పూర్తిగా మానేదాకా చర్చికి పోనన్నావు. ప్రభు బల్ల దగ్గరికి రానన్నావు. ప్రార్థన చేద్దామంటే దేవుడి ముందు మొఖం చెల్లడం లేదన్నావు. చదవడానికి ఇది భక్తిలాగే ఉంది. నా దృష్టిలో నీ ఆట కన్నా ప్రమాదమైనది ఇదే. ముందు నువ్వొక్కడివే గెలవాలి, గెలిచి స్నానం చేసి తెల్లబట్టలు కట్టుకుని అప్పుడు ఆయన దగ్గరికి పోవాలి, ఇదీ నీ లెక్క. ఒక్కడివే గెలవగలిగితే ఇక ఆయనతో పనేముంది తమ్మీ?

మన సంఘాల్లో ఇట్లాంటివాళ్లు ఎంతమందో నీకు తెలియదు. బల్ల ఇచ్చే ఆదివారం వెనక బెంచీలో తలవంచుకుని కూర్చుంటారు, లేదంటే ఆ పూట ఏదో పని పెట్టుకుంటారు. యోగ్యత లేదంటారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం చూపిస్తారు. ఆ అధ్యాయం మొత్తం చదువు. అక్కడ పౌలు కోప్పడింది ఏడుస్తూ వచ్చినవాళ్ల మీద కాదు, పేదవాళ్లు ఆకలితో ఉంటే తామొక్కరే తిని తాగి మత్తెక్కినవాళ్ల మీద. నిన్ను నువ్వు పరీక్షించుకుని దూరంగా ఉండమనలేదు, పరీక్షించుకుని తినమన్నాడు. ఈ రాత్రి మళ్ళీ ఆడాలని మనసులో ఏర్పాటు చేసుకుని చెయ్యి చాపితే అది వేరే సంగతి. నీది అది కాదు.

ఇంకో మాట రాశావు, అమ్మ మీద ఒట్టేసి మళ్ళీ ఓడిపోయానని. ఒట్టు నిలబడనందుకు నాకు ఆశ్చర్యం లేదు. చావైనా చెర అయినా నీ వెంటే ఉంటానని పేతురు అన్న మాట కూడా ఒట్టులాంటిదే. కోడి కూసేలోపలే అది పోయింది. లూకా 22లో నువ్వు చూడాల్సింది ఇంకొకటి ఉంది. పేతురు పడిపోకముందే, పడతాడని తెలిసే, యేసు అతనికోసం ప్రార్థించానని చెప్పాడు. తిరిగి వచ్చాక తన సహోదరులను నిలబెట్టమని పని కూడా అప్పజెప్పాడు. అంటే తిరిగి రావడం సంగతి కూడా ముందే ఆలోచించి పెట్టాడు. నువ్వేమో పడినందుకు ఆయన మొఖం తిప్పుకున్నాడని కూర్చున్నావు.

చట్టం సంగతే చూడు. మన రాష్ట్రం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపింది. మొన్న ఆగస్టులో, మన కామారెడ్డిని వాన ముంచెత్తడానికి వారం ముందు, పార్లమెంటు దేశమంతటికీ నిషేధం తెచ్చింది. పెద్ద పెద్ద యాప్‌లు పైసల ఆటలు ఆపేశాయి. నువ్వేం చేశావు? ఎవడో టెలిగ్రామ్‌లో పంపిన లింకు పట్టుకుని బయటిదేశం సైటులోకి దూరావు. చట్టం మంచిదే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. నిషేధం లేకుంటే నీలాంటివాళ్లు ఇంకా ఎందరు మునిగేవాళ్లో. కానీ అది దుకాణం మూయించగలదు, నీ లోపలి ఆశను మూయించలేదు. రోమీయులకు రాసిన పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు మొత్తుకున్నదీ ఇదే: ఆజ్ఞ మంచిదని తెలుసు, ఒప్పుకుంటాడు, అయినా చేయొద్దన్నదే చేస్తున్నానంటాడు. ఆ అధ్యాయంలో మాట్లాడేది మారుమనస్సు పొందిన పౌలా, పొందకముందు పౌలా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. వాళ్ల వాదన వాళ్లది. నాకు కావలసింది ఆ కేక చివర. తనను విడిపించేది ఎట్లాంటి నియమం అని కాదు, ఎవరు అని అడుగుతాడు.

ఆగస్టీన్ పేరు నీకు తెలుసు. 386లో మిలాన్‌లో మారుమనస్సు పొందాడు. పదేళ్లు దాటాక, అప్పటికి బిషప్పు అయ్యాక, తన ఒప్పుకోలు పుస్తకం రాశాడు. పాత పాపాల దగ్గరే ఆగిపోతే మనలాగే సాక్ష్యం చెప్పి కూర్చునేవాడు. పదో భాగంలో మాత్రం అప్పటికీ తనను వదలని శోధనలు చెప్పుకున్నాడు: కలలు, తిండి, పదిమంది పొగడ్త మీద మోజు. నువ్వు ఆజ్ఞాపించేదాన్ని చేసే శక్తి కూడా నువ్వే ఇవ్వమని దేవుణ్ణి వేడుకున్నాడు. రోములో పెలాగియస్ అనే భక్తుడికి ఆ ప్రార్థన వినగానే ఒళ్లు మండింది. మనిషి తలుచుకుంటే చేయగలడు, ఇట్లాంటి మాటలు బద్ధకం నేర్పుతాయని అతని బాధ. పెలాగియస్ మంచివాడే. నీ ఒట్టు వెనక ఉన్నది కూడా అతని నమ్మకమే.

అట్లని అతని భయం ఉత్తదేం కాదు. కూడికల్లో నువ్వూ విన్నావు: అంతా ప్రభువే చూసుకుంటాడు, నేను అప్పగించేశాను. అప్పగించినవాడు ఫోన్ మాత్రం దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. ఇది ఆధారపడటం కాదు. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు భయంతో వణుకుతో మీ రక్షణ పని మీరు చేయండని చెప్పి, అదే ఊపిరిలో మీలో పని చేసేది దేవుడేనంటాడు. సగం నువ్వు సగం ఆయన అని పంచలేదు. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో కూడా శరీర క్రియలను చంపాల్సింది మనమే, చంపేది ఆత్మ బలంతో. ఒక రాత్రి ఫోన్ తీసుకుపోయి పక్కింట్లో ఇచ్చానని రాశావు కదా, ఇవ్వాలన్న ఆ బుద్ధి నీకు ఎవరు పుట్టించారనుకుంటున్నావు?

ఒక్క రాత్రి ప్రార్థనతో తాగుడు వాసనే పడకుండా పోయిందని సాక్ష్యం చెప్పేవాళ్లున్నారు. నిజమే అయ్యుంటుంది, దేవుడు చేయగలడు. కానీ అందరికీ అట్లనే జరుగుతుందని ఆయన ఎక్కడా మాటివ్వలేదు. నీకు అట్లా జరగలేదని నీ విశ్వాసం దొంగదనుకోకు.

నిజామాబాద్ పోయేటప్పుడు దారిలో డిచ్‌పల్లి తగులుతుంది. అక్కడి విక్టోరియా ఆసుపత్రిని 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్టు రోగుల కోసం మొదలుపెట్టారు. నిజామాబాద్ రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చాడు. కుష్టును పాపానికి గుర్తుగా చూపే ప్రసంగాలు నాకు ససేమిరా నచ్చవు. జబ్బు పడ్డవాళ్లు ఏం పాపం చేశారు? నేను చెప్పేది రోగం గురించి కాదు, వైద్యం గురించి. ఇప్పటి మాత్రలు అప్పుడు లేవు. హిడ్నోకార్పస్ గింజల నూనెతో సూదులు వేసేవాళ్లు. ఒక్క సూదితో తేలేది కాదు, నెలల తరబడి మళ్ళీ మళ్ళీ పొడిపించుకోవాలి. రోగి చేయాల్సిందల్లా ఆగకుండా పోయి చెయ్యి చాపడం. మచ్చ ఇంకా పోలేదని సిగ్గుపడి ఇంట్లో కూర్చున్నవాడికి మందు ఎట్లా అందుతుంది?

ఇప్పుడు వేళ గురించి. నువ్వు ప్రార్థన చేసేది ఎప్పుడు? అంతా అయ్యాక, బ్యాలెన్స్ సున్నా అయ్యాక, తెల్లవారుజామున. అప్పుడూ చేయాలి, ఆ రాత్రే చేయాలి, వారం ఆగొద్దు. కానీ మొదటి నిమిషంలో కూడా చేయాలి. ఆదికాండం నాలుగో అధ్యాయంలో కయీను మొఖం మాడినప్పుడు, ఇంకా ఏమీ చేయకముందే, దేవుడు వచ్చి పలకరించాడు. పాపం వాకిట్లో పొంచి ఉందని హెచ్చరించాడు. కయీను ఏం జవాబిచ్చాడో చూడు. ఏమీ ఇవ్వలేదు. నాకు కోపంగా ఉంది ప్రభువా, వాణ్ణి చూస్తే ఒళ్లు మండుతోంది అని ఒక్క మాట అన్నా ఆ కథ వేరేగా ఉండేదేమో. దేవుడికి జవాబు చెప్పకుండా తమ్ముడితో మాట్లాడి పొలానికి పోయాడు. నీకు జీతం పడిన సాయంత్రం, మ్యాచ్ మొదలయ్యే ముందు, వేలు ఆ లింకు వైపు పోయేటప్పుడు నోరు తెరిచి చెప్పు: ప్రభువా, ఇప్పుడు నాకు ఆడాలని ఉంది, నువ్వు పట్టుకోకపోతే ఆడతాను. అంతే చాలు. పెద్ద మాటలు, ప్రసంగం వద్దు. ఆడాలని లేనట్టు నటించడం అసలే వద్దు. హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయంలో కృప కోసం ధైర్యంగా రమ్మన్నది అవసరం ఉన్న వేళకు, అవసరం తీరాక కాదు.

దేవుడి సాయం చాలాసార్లు మనుషుల కాళ్ల మీద నడిచి వస్తుంది. మన మెదక్ డయోసిస్ 1947లో దక్షిణ ఇండియా సంఘంలో భాగంగా ఏర్పడకముందు ఇక్కడ పని చేసింది వెస్లియన్ మెథడిస్టు మిషన్. మెదక్‌లో పాస్నెట్ దొర కట్టించి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ పెద్ద గుడి చూసి మురిసిపోతాం కానీ, ఆ మెథడిస్టులు మొదట్లో ఎట్లా బతికారో మరిచిపోయాం. 1742లో బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ వాళ్ల ప్రార్థన మందిరానికి అప్పు మిగిలింది. మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు చేద్దామని, దాదాపు పన్నెండు మందికి ఒకరిని పెట్టారు. ఇల్లిల్లూ తిరిగినవాళ్లకు పెన్నీలతోపాటు ఇంకేవో కనబడ్డాయి: తాగేవాడు, పెళ్లాంతో గొడవ పడేవాడు. అప్పుల వసూలుకు మొదలైన ఏర్పాటే కాస్త మార్చుకుని, వారం వారం కూర్చుని నీ ఆత్మ ఎట్లుంది అని ఒకరినొకరు అడిగే గుంపులైంది. ఆ వెస్లీ కూడా కుర్రతనంలో ఆక్స్‌ఫర్డ్‌లో నియమాలు పెట్టుకుని, ఉపవాసాలుండి, తనను తాను గెలవాలని చూసినవాడే. 1738 మేలో లండన్‌లో ఒక చిన్న కూడికలో గానీ తన కోసం క్రీస్తు చాలన్న నమ్మకం కుదరలేదు. ఆ తర్వాత కూడా మనిషి ఒంటరిగా నిలబడతాడని అతను అనుకోలేదు. నీకు పన్నెండు మంది అక్కర్లేదు. ఒక్కరు చాలు. మీ అయ్యగారో, నమ్మకమున్న సంఘ పెద్దో. వారానికోసారి ఎదురుగా కూర్చుని ఆడావా లేదా అని అడగాలి, నువ్వు అబద్ధమాడితే పసిగట్టేంత దగ్గరి మనిషి కావాలి.

ఫోన్ అమ్మేసి బటన్ల ఫోన్ కొనుక్కో. నువ్వు పనిచేసే దుకాణంలో నీకు వాట్సాప్‌తో పని ఉందని తెలుసు, పని అక్కడి ఫోన్‌లో చూసుకో. కన్ను అడ్డమొస్తే తీసేయమన్న ప్రభువు ఫోన్ దగ్గర జాలి చూపిస్తాడనుకోకు. జీతం అమ్మ ఖాతాలో పడేటట్టు సేటుతో మాట్లాడు. లోన్ యాప్ వాళ్లు ఫొటోలు పంపుతామని బెదిరిస్తే 1930కి ఫోన్ చెయ్, పోలీసుల సైబర్ నంబర్. రాత్రి నిద్ర పట్టక, బతకడం దండగ అనిపించే ఆలోచనలు వస్తే ఏ వేళైనా నాకు చెయ్, నేను ఎత్తకపోతే 14416కి చెయ్. మానసిక ఆరోగ్య కౌన్సిలర్లు మాట్లాడతారు, తెలుగులోనే, పైసా తీసుకోరు. డాక్టర్ దగ్గరికి పోతే విశ్వాసం తగ్గినట్టని ఎవరైనా అంటే వాళ్ల మాట వినకు.

అమ్మకు నేను చెప్పను. నువ్వే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను. అరుస్తుంది, రెండు రోజులు అన్నం మానేస్తుంది, అది భరించాలి. ఆమె పైసలు నెలకింత అని తిరిగి కట్టాలి, జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు, నిన్ను నేను అసలు మాత్రమే కట్టమంటున్నాను.

ఒకటో తారీఖు జీతం పడకముందే రా. వచ్చే ఆదివారం ఆరాధనకు పోయి, అది అయ్యాక నిజాంసాగర్ చౌరస్తా దగ్గర లింగంపేట మీదుగా వచ్చే బస్సెక్కు. ఎవరికెంత ఇవ్వాలో వడ్డీతో సహా ఒక కాయితం మీద రాసుకుని రా, ఏదీ దాచకు. బ్యాంకు పాస్‌బుక్ కూడా తీసుకురా. డిసెంబర్ మొదటి ఆదివారం మీ చర్చిలో బల్ల ఉంటుంది కదా, ఆ రోజు నేనే కామారెడ్డి వస్తాను.

మీ అక్క