మోటారు పొగలోని విషమును లెక్కించుట

పెట్రోలు కారు పొగగొట్టమునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. దానిని లెక్కచేతనే పట్టుకొనవలెను. అందులకు ఆదర్శ వాయు సూత్రము చాలును: పీడన ఘనపరిమాణముల లబ్ధము, మోలుల సంఖ్య, వాయు స్థిరాంకము, పరమ ఉష్ణోగ్రత అను మూటి లబ్ధమునకు సమానము. సెంటిగ్రేడు డిగ్రీలకు 273 కలిపినచో పరమ ఉష్ణోగ్రత వచ్చును.

గ్రామములో 30 ఘనమీటర్ల షెడ్డున, తలుపులు మూసి, పాత కారు ఇంజనును నడుపుచున్నారనుకొందము. నిమిషమునకు 200 లీటర్ల పొగ 327 డిగ్రీల వేడితో వచ్చి, 27 డిగ్రీలకు చల్లారుచున్నది. పరమ ఉష్ణోగ్రత 600 నుండి 300కు దిగును గనుక, పీడనము మారనందున, 200 లీటర్లు 100 లీటర్లగును. (ఆవిరి కొంత నీరగును; ఆ స్వల్పమును ఇచట విడిచితిమి.) అందు నూటికి 3 పాళ్లు ఈ విషవాయువైనచో 3 లీటర్లు. 27 డిగ్రీలయొద్ద, సాధారణ వాతావరణ పీడనమున, ఒక మోలు వాయువు 24.6 లీటర్లు ఆక్రమించును. కార్బన్ మోనాక్సైడు మోలు బరువు 28 గ్రాములు. కావున 3 లీటర్లు 3.4 గ్రాములు తూగును.

అరచెంచా ఉప్పు బరువును మించదుగదా యని తోచవచ్చును. కాని గాలి చొరని ఆ షెడ్డులో ఒక్క నిమిషమునకే ఘనమీటరునకు 113 మిల్లీగ్రాములు చేరినవి. ఇంటిలోని గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించిన పరిమితి గంటసేపునకు 35 మిల్లీగ్రాములే. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువుకన్న ఈ వాయువును 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకొనును. తలనొప్పిని, మగతను అలసటయని భ్రమించుచుండగనే స్పృహ తప్పును.

పంచాయతీ కార్యాలయపు పెట్రోలు జనరేటరునకును లెక్క ఇదియే. కిటికీ తెరచుట చాలదు. యంత్రమును ఆరుబయట, తలుపులకు దూరముగా ఉంచి నడిపింపవలెను.