పిల్లల ప్రేగుల వాపు - మల పరీక్ష

బిడ్డకు వారముల తరబడి విరేచనములైన నులిపురుగులనియో, దిష్టియనియో తలంచుట హిందూపురం పల్లెలలోను కలదు. పెక్కుసార్లు అది అంటు విరేచనమే. కాని మలములో రక్తము పడుచు, బరువు తగ్గి, ఎదుగుదల నిలిచిన బిడ్డకు ప్రేగుల దీర్ఘకాలిక వాపు వ్యాధి ఉండవచ్చును.

ప్రేగు వాచినప్పుడు తెల్ల రక్తకణములు అచ్చట గుమిగూడును. వానిలోని కాల్‌ప్రొటెక్టిన్ అను మాంసకృత్తు మలములో కలియును. 1980లో నార్వే శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి. గ్రాము మలములో 50 మైక్రోగ్రాములకు తక్కువయైన వాపు లేదనియు, 250 దాటిన ఉండవచ్చుననియు వైద్యులు సాధారణముగా తలంతురు. నాలుగేండ్లలోపు పసివారికి ఆరోగ్యముగా నున్నను ఇది హెచ్చుగా నుండును. ఆ అంకెకు బెదరరాదు. అంటు విరేచనములు, ప్రేగుల క్షయ, కొన్ని నొప్పిమాత్రలు కూడ దీనిని పెంచును. కనుక రోగమేదో ఇది యొక్కటే తేల్చదు. గొట్టముతో ప్రేగును చూడవలసిన బిడ్డ ఎవరో తెలుపును. చికిత్స పొందుచున్న బిడ్డకు మందు పట్టినదో లేదో సూదిపోటు లేకుండ తెలియును.

మలమును పరీక్షకిచ్చుటకు సిగ్గుపడువారిని మేము చూచితిమి. పేడను చేతనెత్తు రైతునకు ఇందు సిగ్గేల? మూత్రము కలియకుండ, శుభ్రమైన డబ్బాలో కొంచెము చాలును.

కడుపునొప్పితో తరచు బడి మానుచున్న బిడ్డలెవరో సభ్యులు విచారించి, వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. పరీక్ష ఎచ్చట చేయింపవలెనో వైద్యుడు చెప్పును.