ఇంటనున్న గ్రంథము

ఆధ్యాత్మిక గ్రంథములయందు ప్రీతిగల గృహస్థుని యింట ఒక పుస్తకముల బీరువా యుండుట సహజము. భగవద్గీతకు రెండు మూడు వ్యాఖ్యానములు, ఉపనిషత్తుల అనువాదములు, పోతన భాగవతము, మహాత్ముల జీవితచరిత్రలు అందు కానవచ్చును. యాత్రకు పోయినపుడు ఒకటి, ఉపన్యాసము విన్ననాడు మరియొకటి కొనబడినవి. కొన్నిటియందు మొదటి పుటపై వ్రాసిన పేరు, తేదీ తప్ప చదివిన గుర్తు మరేమియు నుండదు. భాగవతమున ప్రథమస్కంధము నలిగియుండును. మిగిలిన 11 స్కంధములును క్రొత్తవిగనే యుండును. అయినను క్రొత్త గ్రంథము పేరు వినినంతనే మనస్సు దానివైపు పరుగిడును.

సద్గ్రంథములను కొనుట దోషము కాదు. అది మంచి అభిరుచికి గుర్తు. కాని కొన్నప్పుడు కలుగు తృప్తి చదివిన తృప్తివలె తోచును. చిక్కంతయు అచ్చటనే యున్నది. గ్రంథము చేతికి రాగానే జ్ఞానము చేరువైనట్లు మనస్సు సంతసించి, ఆ సంతోషము చల్లారగనే మరియొకదానిని కోరును. ధనమును కూడబెట్టువాడు తన లోభమును ఎన్నడైనను గుర్తింపవచ్చును. గ్రంథములను కూడబెట్టువాడో, తాను సాధనయే చేయుచున్నానని తలంచును. కావున ఈ పరిగ్రహము కనిపెట్టుటకు మరింత కష్టమైనది.

శరన్నవరాత్రులలో మూలానక్షత్రమునాడు పుస్తకములను పీఠముపై నుంచి సరస్వతీదేవిని పూజించుట తెలుగునాట కలదు. పూజ ముగిసిన పిదప ఆ పుస్తకములను తీసి చదువుకొందురు. బీరువాలోని గ్రంథములకు మాత్రము ఆ ‘పిదప’ యనునది వచ్చుటయే లేదు.

బృహదారణ్యకోపనిషత్తునందు యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణ, మనన, నిదిధ్యాసనములను ఉపదేశించెను. శ్రవణము వాటిలో మొదటి మెట్టు. గ్రంథపఠనమును ఆ మెట్టుతో పోల్చినచో, చదువని గ్రంథము గలవాడు ఇంకను వాకిటనే నిలిచియున్నాడు. చదివి విచారింపనివాడు మొదటి మెట్టునే ఆగినాడు.

కొలదిగా చదివి పూర్ణముగా గ్రహించుటకు గాంధీ మహాత్ముని జీవితము చక్కని నిదర్శనము. దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా నున్న రోజులలో ఆయనకు తీరిక మిక్కిలి తక్కువ. ప్రాతఃకాలమున పండ్లు తోముకొను 15 నిమిషములు, స్నానమునకు పట్టు 20 నిమిషములు మాత్రమే చిక్కెను. గీతాశ్లోకములను చీటీలపై వ్రాసి, ఎదుటి గోడపై నంటించి, పండ్లు తోముకొనుచు వాటిని వల్లించి 13 అధ్యాయములు కంఠస్థము చేసెను. ‘అపరిగ్రహము’ అను ఒక్క పదము ఆయన హృదయమును పట్టుకొనెను. దాని ఫలితముగా తన జీవితభీమాను సైతము వదలుకొనెను.

1904లో జొహానెస్‌బర్గు నుండి డర్బనుకు రైలులో పోవునపుడు మిత్రుడు పోలక్ ఇచ్చిన రస్కిన్ గ్రంథమును ఆయన ఒక్క ప్రయాణములో చదివెను. దానిని ఆచరణలో పెట్టుటకై ఆ సంవత్సరమే ఫీనిక్సు ఆశ్రమమును స్థాపించెను. తాను చదివినవి కొన్నియే యైనను, అందువలననే వాటిని చక్కగా జీర్ణము చేసికొనగలిగితినని తన ఆత్మకథలో చెప్పుకొనెను.

సాధకుడు ఒక సెలవునాడు తన బీరువాను తెరచి, చదువనివానిని వేరుచేయవలెను. తనకు ఇక అక్కరకురానివి గ్రంథాలయమునకో, కోరినవారికో ఇచ్చినచో అది విద్యాదానమగును. మిగిలినవానినుండి ఒక్కటి ఎన్నుకొని, నిత్యము ఒకే వేళ కొన్ని పుటలు చదివి, గ్రంథము మూసి, చదివినదానిని కొంతతడవు తలపోయవలెను. అది ముగియువరకు మరియొకటి కొనరాదు. గీతయందు 700 శ్లోకములు కలవు. దినమునకు రెండు చొప్పున చదివినను 350 దినములలో, ఏడాది తిరుగకమునుపే, ముగియును. ఎన్నియో ఏండ్లుగా ఇంటనున్నను చదువబడని గీతకు కావలసినది అంత స్వల్పకాలమే.

ఆయుర్దాయము మితమైనది. సద్గ్రంథమును సంపాదించుకొన్న భాగ్యము ఇదివరకే లభించినది. ఇక దానిని తెరచుటయే మిగిలియున్నది.